నల్ల ఇసుకలో గాడి

పదకొండో భాగం

పోయిన వారం షారోన్‌ను మనం నస్పూర్ క్లబ్బు గ్రౌండ్‌లో, మూడో నంబరు బ్రౌన్ పక్కన, చేతిలో పటర్, అంటే బంతిని గుంతలోకి నెట్టే పొట్టి కర్ర, పట్టుకుని నిలబడ్డ చోటే వదిలేసి వచ్చాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది. చదవనివాళ్లూ, చదివి మరిచిపోయినవాళ్లూ ఉంటారు కాబట్టి జరిగింది రెండు ముక్కల్లో చెప్పేసి ఆమె దగ్గరికి వెళదాం.

షారోన్‌కు ఇరవై నాలుగేళ్లు. గోల్ఫ్ ఆడడమే ఆమె ఉద్యోగం. కర్రతో చిన్న బంతిని కొట్టుకుంటూ పోయి దూరాన ఉన్న గుంతలో వెయ్యాలి, ఆట ఇంతే. ఇంత చిన్న పనికి ఇంత ఏడుపెందుకని ఆమె తల్లి సంతోషమ్మ ఈనాటికీ అడుగుతుంది. నిరుడు వానాకాలం దాకా ఏడుపేమీ లేదు, బాగానే ఆడింది. తర్వాత బెంగళూరులో మూడడుగుల దూరం నుంచి కొట్టిన బంతి గుంతలో పడకుండా పక్కనుంచి పోయింది. ఎవరికైనా ఒకసారి పోతుంది. షారోన్‌కు మాత్రం ఆ రోజునుంచి పోతూనే ఉంది. వరసగా ఏడు టోర్నమెంట్లలో రెండో రోజుకే బ్యాగు సర్దుకుని ఇంటిదారి పట్టింది. గుంత దగ్గరికి రాగానే చేతులు వణకడం మొదలైంది. ఇక ఆట మీద మనసు లేదని కోచ్ అరుణ్‌కుమార్‌తో చెప్పి, మూడు నెలల కింద హైదరాబాద్ వదిలి సొంతూరు నస్పూర్ వచ్చేసింది.

వచ్చిన కొత్తలో కర్ర ముట్టలేదు. ఇప్పుడు ముట్టక తప్పలేదు. వచ్చే నెల అర్హత పోటీకి ఈ సాయంత్రం ఐదు గంటలకల్లా పేరు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఈ ఏడాదికి ఆట లేదు, ఆమె జాగాలోకి ఇంకొకరు వస్తారు. ఏడాదిపాటు ఆడకపోతే ఇంకెప్పటికీ ఆడలేనని షారోన్‌కు తెలుసు. అందుకని నాలుగు రోజులుగా తాను ఎన్నడూ తప్పని ఒకే ఒక్క చోటికి వచ్చి చూస్తోంది. ఆ చోటు ఈ నల్ల ఇసుక.

ఆ ఇసుక సంగతి కూడా చెప్పాలి. పెద్ద ఊళ్ల గోల్ఫ్ గ్రౌండ్లలో గుంత చుట్టూ పచ్చగడ్డి పెంచి దాన్ని గ్రీన్ అంటారు. బొగ్గు గనుల ఊళ్లో ఎండాకాలం మనుషులకే నీళ్లు చాలవు, గడ్డికెక్కడివి? అందుకని ఎవరో పాతకాలపు మేనేజరు గుంత చుట్టూ ఇసుక పోయించి, వర్క్‌షాపులో బండ్లకు వాడి తీసేసిన నూనె అందులో కలిపించాడు. గాలికి ఎగరదు, వానకు కొట్టుకుపోదు. ఆ నల్లటి గుండ్రటి జాగాను బ్రౌన్ అంటారు. నడిస్తే అడుగులు పడతాయి కనుక, ఆటగాళ్లు ఆఖరి దెబ్బ కొట్టేముందు, గోనెపట్టా చుట్టిన చెక్క ఒకదాన్ని బంతి దగ్గరినుంచి గుంతదాకా లాగి దారి సాపు చేస్తారు. అది అక్కడి ఆనవాయితీ. ముప్పై ఏళ్లుగా ఆ చెక్క లాగుతున్న మనిషి ఆశీర్వాదం. షారోన్ తండ్రి.

నాలుగు రోజులనుంచి షారోన్ క్లబ్బు షెడ్డులో పడున్న చెక్కతో తన దారి తానే లాక్కుని కొడుతోంది. పదింటికి నాలుగు పడుతున్నాయి. జర నువ్వొచ్చి లాగు బాపూ అంటే, రెక్క నొస్తుందని ఒకరోజు, చర్చి మీటింగు ఉందని ఒకరోజు ఆశీర్వాదం తప్పించుకు తిరిగాడు. ఈ మధ్యాహ్నం మూడింటికి మాత్రం, పిలవకుండానే, ఇంటి వెనకనుంచి తన సొంత చెక్క భుజాన వేసుకుని వచ్చాడు. పోయిన వారం మనం ఆగింది ఇక్కడే.

"ఇగ జరుగు," అన్నాడు కూతురితో. "బంతి ఏడ పెడ్తవో పెట్టు."

షారోన్ ఆరడుగుల దూరంలో బంతి పెట్టింది. ఆయన నడుము వంచి, చెక్కను రెండు చేతులా అదిమి పట్టి, వెనక్కి అడుగులు వేసుకుంటూ గుంతదాకా లాగాడు. అరవై దగ్గరపడ్డ మనిషి, కానీ ఆ పనిలో ఒక్క వంకర ఉండదు. షారోన్ కొట్టింది. బంతి నేరుగా పోయి గుంతలో పడింది.

ఇంకోటి పెట్టింది. పడింది. మూడోది, నాలుగోది కూడా పడ్డాయి. బంతి గుంతలో పడే ఆ డొల్ల చప్పుడు విని ఎన్నాళ్లయిందో. ఆమె గుండె మీదినుంచి ఏదో బరువు లేచి పక్కకు పోయినట్టైంది. "బాపూ, నీ చెయ్యిల ఏమున్నదో గని," అంది. ఆశీర్వాదం నవ్వాడు, కానీ ఆ నవ్వు ఆమెవైపు చూసి నవ్వింది కాదు. ఆయన కళ్లు చెక్క మీదే ఉన్నాయి.

ఐదోది చెడ్డ దెబ్బ. చూసేవాళ్లకు తెలియదు కానీ కొట్టిన చేతికి తెలుస్తుంది. ఆఖరి క్షణంలో మణికట్టు తిరిగింది, బంతి ఎడమకు పోవాలి. పోయింది కూడా. పోయినట్టే పోయి, ఎవరో పిలిచినట్టు మళ్లీ దారిలోకి వచ్చి గుంతలో పడింది.

షారోన్ ఇంకో బంతి పెట్టింది. ఆరో బంతిని కావాలనే వంకరగా కొట్టింది. చిన్నపిల్లలు కూడా అంత వంకరగా కొట్టరు. అదీ పడింది.

ఆమె పటర్ కింద పెట్టి, ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుంది. అరచెయ్యి చాపి, బంతి పోయిన దారికి అడ్డంగా మెల్లగా జరిపింది. కంటికి సాపుగా కనిపించే ఇసుక నడుమ చెయ్యి కొద్దిగా కిందికి దిగి, మళ్లీ పైకి లేచింది. వేలు మందం లోతు కూడా లేదు. గుంతదాకా పొడుగునా అట్లాగే గాడి ఉంది.

"బాపూ, గా చెక్క ఇటియ్యి."

"ఎందుకు బిడ్డా, నూనె అంటుతది."

"ఇయ్యి."

ఆశీర్వాదం ఇవ్వలేదు. ఆమే లేచి తీసుకుంది. తిరగేసి చూసింది. చెక్క రెండు కొసల్లో గోనెపట్టా ఒక చుట్టు ఉంది. నడుమ మాత్రం మూడు చుట్లు ఉంది, దాని మీద సన్నటి సుతిలి తాడు వరసగా, ఒద్దికగా బిగించి ఉంది. అది ఈ రోజు చేసిన పని కాదు. సుతిలి నూనె తాగి తాగి తోలులాగా అయిపోయింది.

"ఎప్పటి సంది?" అని అడిగింది.

"ఏంది?"

"నాకు గిట్ల ఎప్పటి సంది గీస్తున్నవు?"

ఆశీర్వాదం తుమ్మచెట్టు నీడలో ఉన్న సిమెంటు దిమ్మె మీద కూర్చున్నాడు. ఆయన అబద్ధం ఆడడం నస్పూర్‌లో ఎవరూ విన్నది లేదు. చర్చిలో ఏదైనా తగాదా వస్తే, ఆశీర్వాదం ఏమన్నాడు అని అడిగి ఊరుకుంటారు. అటువంటి మనిషి ఇప్పుడు టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, దాన్నే చూస్తూ చెప్పాడు.

"నీకు ఆరేండ్లప్పటి సంది."

ఆమెకు నిలబడాలో కూర్చోవాలో తెలియలేదు.

"మీ అవ్వ దవాఖాన డ్యూటీకి పోతుండె. నిన్ను ఏడ ఇడ్వాలె? నా ఎంబడి ఈడికే తెస్తుంటి. ఒక ఆఫీసర్ సార్ ఇరిగిన పటర్ ఇచ్చిండు, దాన్ని కోసి నీ ఎత్తు చేసి ఇచ్చిన. బంతి పడకుంటె ఏడుస్తుంటివి. ఏడ్సి ఏడ్సి అన్నం తినకపోతుంటివి. ఒక దినం నడుమ జర మందంగ చుట్టి లాగిన. పడ్డది. నువ్వు నవ్వినవు." ఆయన టోపీని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "గంతే బిడ్డా. గా నవ్వు కోసం. రేపు తీసేద్దాం, ఎల్లుండి తీసేద్దాం అనుకుంట ఉన్న. నువ్వు రోజూ నవ్వుడే. ఎట్ల తియ్యాలె?"

"మరి ఇయ్యాల ఎందుకు తెచ్చినవు?"

"తేవద్దనే అనుకున్న. నాలుగు దినాలు తప్పిచ్చుకోని తిరిగిన. పొద్దుగాల మీ అవ్వ ఒక్క మాట అన్నది. పిల్ల మొకంల నవ్వు చూడక మూడు నెలలాయె, నీతోని ఏమైతె గది చెయ్యి అన్నది. నాతోని అయ్యేది గిదొక్కటే."

కోపం రావాల్సిన చోట షారోన్‌కు మొదట చలి వచ్చింది. ఫాల్గుణ మాసపు ఎండలో చేతులు చల్లబడ్డాయి. మూడు నెలలుగా ఆమె ఒక్కటే మాట పట్టుకుని బతుకుతోంది. నాకు ఒకప్పుడు మంచి చెయ్యి ఉండేది, అది ఎక్కడో పోయింది, వెతికితే దొరుకుతుంది అని. వెతకడానికే ఇంటికి వచ్చింది. తీరా చూస్తే అది చెయ్యి కాదు, మూడు చుట్ల గోనెపట్టా.

"చెయ్యి ఖరాబైందనుకున్న బాపూ," అంది. "అసలు లేనే లేదని నువ్వన్న చెప్పకపోతివి. బెంగళూర్ల గా ఒక్క బంతి పోతె నాకు లోకమే మునిగినట్టైంది. మిగితా పిల్లలు తప్పుతరు, తిట్టుకుంటరు, పోయి టీ తాగుతరు. నేనెందుకు గట్ల ఉండలేకపోతున్ననో తెల్వక పిచ్చిలేసినట్టైంది. ఇప్పుడు తెల్సింది. తప్పుడు నాకు అలవాటే లేదు. నువ్వు తప్పనియ్యలే."

షిఫ్టు మారే సైరన్ మోగి ఆగిపోయింది. అప్పుడు ఆశీర్వాదం తలెత్తాడు.

"ఒక్కటి అడుగుత. కోపం చెయ్యకు. హైదరాబాద్‌ల, బెంగళూర్ల ఇన్నేండ్లు ఆడినవు గద. ఆడ బంతులు పడ్డయి గద. ఆడ నేను గీయలే."

ఆ లెక్కన షారోన్ ఎన్నడూ ఆలోచించలేదు. ఆ మాట ఇంకా కోపం తెప్పించింది. చెక్కను రెండు చేతులా ఎత్తి తుమ్మపొదలోకి విసిరేసింది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో తన పనిముట్టును ఎవరైనా విసిరేయడం ఆశీర్వాదం చూడడం అదే మొదటిసారి. ఆయన లేవలేదు.

విసిరేసినా కసి తీరలేదు. బూట్లతో బ్రౌన్ మీదికి ఎక్కింది. సాపుగా ఉన్న ఇసుకంతా తొక్కింది. ఈ చివరినుంచి ఆ చివరికి, గుంత చుట్టూ, మడమలు దించి మరీ తొక్కింది. ఐదు నిమిషాలకు అక్కడ పశువుల సంత జరిగినట్టైంది. రొప్పుతూ నిలబడి, జేబులోనుంచి బంతి తీసి, ఎక్కడ పడితే అక్కడ వదిలి, ఎట్లా పడితే అట్లా కొట్టింది.

బంతి రెండడుగులు పోయి ఒక మడమ గుంటలో కూర్చుంది. ఇంకోటి కొట్టింది. అది బూటు అంచు తగిలి గాల్లోకి ఎగిరి, కుడివైపు దూకి, పని ఉన్న మనిషిలాగా బ్రౌన్ దిగి వెళ్లిపోయింది. మూడోది గుంతదాకా చక్కగా వెళ్లి, దాని అంచు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వెనక్కి దొర్లి, సరిగ్గా ఆశీర్వాదం పెద్ద చెప్పు గుర్తులో పడి ఆగింది.

షారోన్ దాన్ని చూసింది. చూస్తూ ఉండగా లోపల ఎక్కడో మొదలై, ముక్కుదాకా వచ్చి, ఆపుకోలేక నవ్వింది. తనకే వింతగా తోచింది. ఆపుదామనుకుంటే ఇంకా ఎక్కువైంది. నడుము పట్టుకుని ఇసుకలో కూర్చుండిపోయి నవ్వింది. కళ్లలో నీళ్లు వచ్చాయి, అవి దేనికో ఆమె ఆరా తియ్యలేదు.

ఆశీర్వాదం భయపడి లేచి వచ్చాడు. "ఏమైందె?"

"ఏం కాలే. నువ్వు కొట్టు."

"నేనా?"

"ఇన్నేండ్లల ఎన్నడన్న కొట్టినవా?"

కొట్టలేదు. కొట్టకూడదని రాసి ఎవరూ గోడకు తగిలించలేదు. కానీ ఆఫీసర్ల క్లబ్బులో చెక్క లాగే మనిషి చెక్కే లాగుతాడు, కర్ర పట్టుకునేవాళ్లు వేరే. కూతురు ఆ కర్ర పట్టి పైకొచ్చాక కూడా ఆయనకు తాను పట్టాలన్న ఊహ రాలేదు. ఇప్పుడు షారోన్ పటర్‌ను ఆయన చేతిలో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటీ సర్ది, వెనక్కి జరిగింది. ఆశీర్వాదం ఇటూ అటూ చూసి, చీపురుతో ఊడ్చినట్టు బంతిని ఒక్క తోపు తోశాడు. అది గుంత ఉన్న దిక్కు తప్ప మిగతా అన్ని దిక్కులకూ పోవడానికి చూసి, చివరికి తుమ్మపొదలోకి పోయింది.

"చెక్క కాడికే పోయింది," అంది షారోన్.

ఆయన కూడా నవ్వాడు. ఈసారి కూతురివైపు చూసి నవ్వాడు.

ఆ తర్వాత గంటసేపు వాళ్లిద్దరూ ఏం చేశారని అడిగితే, ఆడుకున్నారని చెప్పాలి. వేరే మాట లేదు. షారోన్ బంతులన్నీ బ్రౌన్ మీద వెదజల్లి, ఒక్కొక్కదాని ముందూ కూర్చుని, ఏ అడుగు మీదుగా పోతే ఏ పక్కకు తిరుగుతుందో చూసి కొట్టింది. పదింటికి రెండు పడ్డాయి, ఒక్కోసారి మూడు. పడనివాటిని చూసి అయ్యో అనుకుంది, మరుక్షణం ఇంకోదాని దగ్గరికి పోయింది. పన్నెండడుగుల దూరంనుంచి ఒక బంతి, ఆమె అనుకున్నట్టే, రెండు బూటు గుర్తుల నడుమనుంచి దూరి, మూడోదాని అంచు తగిలి వంగి, పోయి గుంతలో పడింది. అప్పుడు ఆమె తన చేతులవైపు చూసుకుంది. ఎంతసేపటినుంచి వణకడం లేదో ఆమెకే గుర్తులేదు.

ఆరేళ్ల పిల్లకు ఇది ఇవ్వాల్సింది అని ఆమెకు అనిపించింది. అనిపించినా అప్పటికి కోపం తగ్గింది. ఆరేళ్ల పిల్ల అన్నం తినకపోతే ఏ తండ్రైనా ఏదో ఒకటి చేస్తాడు.

ఫోన్ తీసి చూస్తే నాలుగున్నర. అరుణ్‌కుమార్ పొద్దుటినుంచి మూడుసార్లు మెసేజ్ పెట్టి ఉన్నాడు. షారోన్ నిలబడే రాసింది. *పేరు ఇవ్వండి సార్. గెలుస్తానో లేదో చెప్పలేను. ఆడాలని ఉంది.* పంపబోతూ, తుమ్మపొదలోనుంచి చెక్కను లాగుతున్న తండ్రిని ఊరికే, మాటవరసకు అడిగింది.

"గివన్నీ చిన్నప్పటి ముచ్చట్లు గదా బాపూ. కప్పు దినం గీయలేదు గదా."

ఆశీర్వాదం చెయ్యి పొదలోనే ఆగిపోయింది.

కప్పు సంగతి పాత చదువరులకు తెలుసు. పదేళ్ల కింద, షారోన్‌కు పద్నాలుగేళ్లప్పుడు, ఈ గ్రౌండ్‌లోనే పిల్లల పోటీ జరిగింది. గెలిచినవాళ్లకు హైదరాబాద్‌లో ఉచితంగా శిక్షణ, ఒక్కటే సీటు. చివరికి ఇద్దరే మిగిలారు. షారోన్ ఒకతి. రెండో అమ్మాయి మధులిక, సుల్తానాబాద్‌లో రైస్‌మిల్లులున్న జగపతిరావు కూతురు. తొమ్మిదో బ్రౌన్ దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ సమానం. ఇద్దరి బంతులూ గుంతకు ఆరేడడుగుల దూరంలో ఉన్నాయి. ముందు మధులిక వంతు. ఆశీర్వాదం దారి లాగాడు. ఆ పిల్ల కొట్టబోతూ ఆగి, లాగిన దారిని తన కాలితోనే కలబెట్టింది. రూలు ప్రకారం తప్పేం కాదు కానీ అందరూ విరగబడి నవ్వారు. పెద్దింటి పిల్లకు లాగిన ఇసుక కూడా నచ్చలేదన్నారు. మధులిక కొట్టింది, తప్పింది. తర్వాత షారోన్ కొట్టింది, పడింది. గని కార్మికుల క్వార్టర్ల జనం ఆమెను భుజాల మీద మోశారు. ఇసుక లాగేటాయన బిడ్డ మిల్లు ఓనర్ బిడ్డను ఓడించిందని నెలరోజులు చెప్పుకున్నారు. మధులిక ఆ రోజు తర్వాత కర్ర పట్టలేదు.

"బాపూ. నిన్నే అడుగుతున్న."

"గీసిన," అన్నాడు ఆశీర్వాదం.

పొదలోనుంచి ఒక పిట్ట లేచి పోయింది.

"ఆ సీటు పోతె మళ్ల రాదు. సాపు చెక్క షెడ్డుల పెట్టి, గీ చెక్క తీస్కపోయిన. ఆ దినం సంది ప్రతి ఆదివారం మోకాళ్ల మీద కూసోని దేవుని ముందట చెప్పుకుంటున్న. మనిషికి చెప్పుడు ఇదే మొదలు. ఇంకో ముచ్చట ఉన్నది బిడ్డా, ఆ దినం—"

"చాలు బాపూ."

"జర విను—"

"చాలన్న."

ఆమె గ్రౌండ్ నడుమదాకా నడిచింది. మోదుగుపూలు రాలి ఎర్రగా ఉన్నచోట ఆగింది. ఫోన్‌లో మెసేజ్ పంపకుండా అట్లాగే ఉంది. ఆడాలని ఉంది అని రాసిన మాట అబద్ధం కాదు. మూడు నెలల్లో ఆమె రాసిన మొదటి నిజం అదే. కానీ ఆ సీటుతోనే హైదరాబాద్, ఆ సీటుతోనే అరుణ్‌కుమార్, ఆ సీటుతోనే ఇప్పుడు ఇచ్చే పేరు. ఆడాలని లేనప్పుడు ఈ సంగతి తెలిసి ఉంటే ఎంత సుఖం. ఆట మానేసి ఊరుకునేది. ఆడాలన్న కోరిక తిరిగి వచ్చిన గంటలోనే తెలిసింది.

క్లబ్బు పాత పిల్లల వాట్సాప్ గ్రూపులో మధులిక నంబరు ఉంది. పదేళ్లలో ఒక్కసారి కూడా మాట్లాడుకున్నది లేదు. కరీంనగర్‌లో పళ్ల డాక్టరైందని మాత్రం విన్నది. షారోన్ ఇక ఆలోచించలేదు, ఆలోచిస్తే చెయ్యలేనని తెలుసు.

"హలో, ఎవరు?"

"షారోన్‌ను. నస్పూర్ షారోన్."

అవతల ఏదో మిషను చప్పుడు ఆగింది. "ఒక్క నిమిషం. పేషెంట్ ఉన్నడు." అడుగుల చప్పుడు, తలుపు మూసిన చప్పుడు. "ఆఁ, చెప్పు."

షారోన్ చెప్పింది. ముందుమాటలేమీ లేకుండా, చెక్క, గోనెపట్టా, ఆరేళ్లు, తొమ్మిదో బ్రౌన్, అన్నీ చెప్పింది. నాకు ఇయ్యాలే తెలిసిందని చెప్పలేదు. అది చెబితే తప్పించుకున్నట్టు ఉంటుందని ఊరుకుంది. "నువ్వు గెలవాల్సిన కప్పు మా ఇంట్ల టీవీ పక్కన ఉన్నది," అని ముగించింది.

కాల్ కట్టయిందేమోనని షారోన్ ఫోన్ చూసుకుంది. కట్టవ్వలేదు.

"నాకు తెల్సు," అంది మధులిక.

"ఏం తెల్సు?"

"గాడి. సాయంత్రం అయితుండె గద, పొద్దు వంగి ఉండె. ఆ ఎండకు ఇసుకల సన్నగ నీడ పడ్డది. నాకు కనవడ్డది." ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే షారోన్‌కు తేలికగా ఉండేది. "మీ బాపు నీ ఒక్కదానికే గీసిండనుకుంటున్నవా? నాక్కూడ గీసిండు. అదే చెక్కతోని, అంతే సక్కగ. నేనే కాలుతోని చెరిపి కొట్టిన."

షారోన్ వెనక్కి తిరిగి చూసింది. తండ్రి చెప్పబోయిన ఇంకో ముచ్చట ఏమిటో ఇప్పుడు అర్థమైంది. మోసం చేసేటప్పుడు కూడా ఆ మనిషి ఒక పిల్లకు గీసి ఇంకో పిల్లకు గీయకుండా ఉండలేకపోయాడు. ఆ సాయంత్రం తమ ఇద్దరి ముందూ ఒక్కతీరు దారే ఉంది. ఒకతి చెరిపేసి ఓడిపోయింది. ఒకతి చూడను కూడా చూడకుండా గెలిచింది. జనం ఎవరిని చూసి నవ్వారో, ఎవరిని భుజాన మోశారో గుర్తుకొచ్చి సిగ్గుతో ఆమె ముఖం మండిపోయింది.

"ఎవ్వరికీ ఎందుకు చెప్పలే?" అంది చివరికి.

"అది తర్వాత చెప్త. ముందు నువ్వు చెప్పు. పదేండ్లకు ఇయ్యాలెందుకు ఫోన్ చేసినవు? మాఫీ కోసమా?"

షారోన్ నిజం చెప్పింది. "కాదు. మళ్ల ఆడబుద్ధైతుంది. శానా దినాలకు ఆడబుద్ధైతుంది. నీకు చెప్పకుంట ఆడలేననిపించింది."

అవతల మధులిక కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు వినిపించింది.

"నా పటర్ ఇంకా అటక మీదనే ఉన్నది. రేపు పొద్దుగాల వస్త. ఎవ్వల్నీ పిలువకు, మనిద్దరమే. ఒక్క పని చెయ్యి. తొమ్మిదో బ్రౌన్ మీద ఇయ్యాల చెక్క పెట్టనియ్యకు. ఎట్లున్నదో అట్లనే ఉండాలె. నీ పేరు ఇచ్చుడా వద్దా అనేది నన్ను అడగకు, అది నీ ముచ్చట." కాల్ కట్టయింది.

ఫోన్‌లో నాలుగూ యాభై మూడు. అరుణ్‌కుమార్‌కు రాసిన మెసేజ్ పంపకుండా అట్లాగే ఉంది. షారోన్ తలెత్తి చూస్తే తుమ్మచెట్టు కింద ఎవరూ లేరు. గ్రౌండ్‌కు ఆ చివర, తలవంచుకుని, భుజాన చెక్క వేసుకుని ఆశీర్వాదం నడిచిపోతున్నాడు. ముప్పై ఏళ్లుగా ఆయన రోజు ముగించేది ఒక్క పనితోనే. క్లబ్బు మూసే ముందు తొమ్మిదో బ్రౌన్‌ను చివరిసారి సాపు చేసి ఇంటికి పోతాడు. ఇంకో యాభై అడుగులు వేస్తే దాని మీద ఉంటాడు.

"బాపూ, ఆగు," అని అరిచింది. ఆ దూరానికి ఆయనకు వినపడదు. ఏడు నిమిషాలుంది. షారోన్ ఫోన్‌ను పిడికిట్లో అట్లాగే పట్టుకుని, ముందు తండ్రివైపే పరుగు తీసింది.